మనమంతా గఫూర్ కా దోస్తులమే!

ఇద్దరు స్నేహితులు. ఒకడు బీకాం పాసయ్యాడు, రెండోవాడికి ఆ పాటి చదువు కూడా లేదు. ఇద్దరూ ఒకే కంపెనీలో చిన్న ఉద్యోగాలు వెలగబెడుతున్నారు. ఆ ఉద్యోగాలు కాస్తా ఊడాయి. బ్యాంకు లోను పెట్టి రెండు ఆవుల్ని కొన్నారు. ఆవులు మేత బాగానే తిన్నాయి గానీ పాలు మాత్రం అనుకున్నంత ఇవ్వలేదు. ఇక ఏం చెయ్యాలో తోచక కూర్చున్న సమయానికి దేవుడిలాగా గఫూర్ అనే పెద్దమనిషి తగిలాడు. దుబాయ్ పంపిస్తానన్నాడు. వీసా అక్కర్లేదు, విమానం టికెట్ అక్కర్లేదు. తన ఉరు కాలిఫోర్నియా పోతోందట, వీళ్ళ కోసం దాన్ని కాస్త దుబాయ్ వైపు తిప్పి ఒడ్డు దగ్గర దించేస్తాడట!

ఉరు అంటే కేరళలో బేపూరు వైపు తయారుచేసే పెద్ద చెక్క ఓడ. సూర్ లో పని చేసిన మన వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అక్కడి యార్డుల్లో కట్టే ధౌ లాంటిదే ఇది కూడా. దాంట్లో కాలిఫోర్నియా పోవడమేమిటి, దారిలో దుబాయ్ తగలడమేమిటి అని మన స్నేహితులకు అనుమానం రాలేదు. ఉన్న డబ్బు అతని చేతిలో పెట్టారు. పోలీసులు గుర్తు పట్టకుండా అరబ్బు బట్టలు తొడుక్కోమన్నాడు, తొడుక్కున్నారు. ఎవరైనా అడిగితే 'గఫూర్ కా దోస్త్' అని చెబితే చాలన్నాడు, అది బట్టీ పట్టారు. చీకట్లో ఒడ్డుకు చేరి, అరబ్బు షేకుల్లాగా దర్జాగా నడుస్తూ చుట్టూ చూస్తే బోర్డుల మీద ఉన్నది అరబ్బీ కాదు, తమిళం. అది దుబాయ్ కాదు, మద్రాసు!

1987లో వచ్చిన 'నాడోడిక్కాట్టు' అనే మలయాళం సినిమా ఇది. సత్యన్ అంతిక్కాడ్ డైరెక్టరు. సిద్దిక్, లాల్ ఇచ్చిన కథకు శ్రీనివాసన్ స్క్రిప్టు రాసి, మోహన్‌లాల్ పక్కన రెండో స్నేహితుడి వేషం తనే వేశాడు. గఫూర్ గా వేసింది మాముక్కోయ. ఈ సినిమానే 1989లో తెలుగులో 'చెన్నపట్నం చిన్నోళ్ళు' పేరుతో మళ్ళీ తీశారు. అది మన వాళ్ళలో ఎంతమందికి గుర్తుందో గానీ, మలయాళీలకు మాత్రం గఫూర్ అంటే ఈ రోజుకీ ఇంట్లో మనిషే. మీ క్యాంపులో ఏ మలయాళీ అన్ననైనా పట్టుకుని 'గఫూర్ కా దోస్త్' అని చూడండి. ఎంత కోపంలో ఉన్నా నవ్వుతాడు. 2023 ఏప్రిల్ లో మాముక్కోయ కన్నుమూసినప్పుడు కూడా చాలామంది ముందుగా తలచుకున్నది ఆ గఫూర్ వేషాన్నే.

పెద్ద సెట్టింగులు లేవు, ఫారిన్ పాటలు లేవు. దుబాయ్ కి పోకుండానే దుబాయ్ సినిమా తీసిపారేశారు. ఖర్చు లేని కామెడీ అంటే ఇదీ.

అయితే ఇది గాలిలోంచి పుట్టిన హాస్యం కాదు. 1960ల్లో, 70ల్లో కేరళ నుంచి నిజంగానే మనుషులు ఇలాంటి ఓడల్లో దొంగచాటుగా గల్ఫ్ కి వచ్చేవారు. మన పక్కనే, ఎమిరేట్స్ లోని ఖోర్ ఫక్కాన్ తీరంలో నీళ్ళలో దించేసేవారు. అక్కణ్ణుంచి ఈదుకుంటూ ఒడ్డుకు చేరాలి. చేరినవాడు చేరాడు, చేరనివాడి సంగతి ఇంటివాళ్ళకు కూడా తెలిసేది కాదు. 2015లో మమ్ముట్టి వేసిన 'పతేమారి' సినిమా ఆ కథే చెబుతుంది, అందులో నవ్వు లేదు. అదే సముద్రం, అదే ఓడ. ఒక సినిమాలో ఏడుపు, ఇంకో సినిమాలో నవ్వు.

మోసపోయేవాడు ఎవడు?

మోసగాళ్ళ మీద కామెడీ సినిమాలు మనకూ తక్కువేం లేవు. అదే 1987లో జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట' వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు పరమ పిసినారి లక్ష్మీపతి. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సీను మన మెస్సుల్లో కూర అయిపోయిన ప్రతిసారీ ఎవడో ఒకడు గుర్తు చేస్తూనే ఉంటాడు. డబ్బున్న ఇంటి కొడుకు రాజేంద్రప్రసాద్ ఆ పిసినారి కూతుర్ని చేసుకోవడానికి, వాడికంటే పెద్ద పిసినారిలాగా నాటకమాడతాడు. లక్ష్మీపతి బోల్తా పడుతుంటే మనకు జాలి కలగదు. కావలసిందే వెధవకి అనుకుంటాం. ఎందుకంటే వాడు అందర్నీ పీడించినవాడు.

2003లో వచ్చిన 'ఐతే' కూడా అంతే. చంద్రశేఖర్ యేలేటికి అది మొదటి సినిమా, గుణ్ణం గంగరాజు నిర్మాత. అంతా కొత్త మొహాలు, చిన్న బడ్జెట్. నలుగురు పనిలేని కుర్రాళ్ళను ఒక మాఫియా డాన్ తన పనికి వాడుకుని పారేద్దామనుకుంటాడు. తీరా చూస్తే ఆ నలుగురే వాణ్ణి బుట్టలో వేస్తారు. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది దానికి. చూడనివాళ్ళు ఈ శుక్రవారం చూడండి, కథ మొత్తం చెప్పి మీ మజా పాడుచెయ్యను.

బ్రిటన్ లో కూడా ఈ రకం సినిమాలు తీస్తారు. 1997లో 'షూటింగ్ ఫిష్' అని ఒకటి వచ్చింది. తొట్టిలో ఉన్న చేపల్ని తుపాకితో కాల్చినంత తేలిక అని ఆ పేరుకు భావం. అనాథలుగా పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళు పాడుబడ్డ గ్యాసు ట్యాంకులో కాపురం పెడతారు. తమకొక పెద్ద బంగళా కొనుక్కోవాలని వాళ్ళ కోరిక. మాట్లాడే కంప్యూటర్ అని చెప్పి డబ్బున్న కంపెనీ వాళ్ళకు డబ్బా అంటగడతారు. మాట్లాడేది కంప్యూటర్ కాదు, చాటున దాక్కున్న రెండోవాడు! ఇద్దరూ నోట్లు కూడబెడతారు. జైల్లో పడతారు. ఈలోగా ఆ పాత యాభై పౌండ్ల నోట్లు చెల్లవని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ ఘట్టం చూస్తుంటే బ్రిటిష్ వాళ్ళకు ఉత్త నవ్వే వస్తుందేమో గానీ, 2016 నవంబరు 8 రాత్రి ఫోనులో ఇంటావిడ బియ్యం డబ్బాలో దాచిన ఐదొందల నోట్ల గురించి బావురుమంటే విన్నవాళ్ళం, మనకు నవ్వుతో పాటు ఇంకేదో కూడా వస్తుంది. 2024లో ఇక్కడ ఒమాన్ లో కూడా పాత నోట్లు గడువులోగా మార్చుకోమన్నారు కదా, పెట్టె అడుగున మర్చిపోయిన ఇరవై రియాళ్ళ కోసం మా రూములో ఒకాయన సామానంతా మంచం మీద కుమ్మరించాడు.

ఇక తమిళంలో 2014లో 'సతురంగ వేట్టై' అని వచ్చింది, వినోద్ డైరెక్టరు. 2018 డిసెంబరులో సత్యదేవ్ తో 'బ్లఫ్ మాస్టర్' పేరుతో తెలుగులో తీశారు, గోపీ గణేశ్ డైరెక్షన్. థియేటర్లో కంటే తర్వాత టీవీలో, ఫోన్లలో ఎక్కువమంది చూశారు దీన్ని. మోసం ఎలా జరుగుతుందో నట్టూ బోల్టూ విప్పి చూపిస్తుంది. తమిళ సినిమాలో చూపించిన రెండు తలల పాము, రైస్ పుల్లింగ్ చెంబు మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలను ముంచాయో పేపర్లు చదివేవాళ్ళకు తెలుసు. రెండు తలల పాముకు రెండు తలలుండవు. తోక మొద్దుగా తలలాగా కనిపిస్తుంది, అంతే. దాన్ని పట్టడం, అమ్మడం వన్యప్రాణి చట్టం కింద నేరం, అందుకే మోసపోయినవాడు పోలీసు స్టేషన్ కి పోడు. రైస్ పుల్లింగ్ చెంబు కూడా అంతే. ఇరిడియం బియ్యాన్ని లాగదు. బియ్యంలో ఇనప రజను కలుపుతారు, చెంబులో అయస్కాంతం పెడతారు. కోట్ల విలువ అని చెప్పి లక్షలు గుంజుతారు.

ఇలాంటి సినిమాల్లో ఒక సూత్రం ఉంటుంది. అత్యాశ ఉన్నవాడే మోసపోతాడని. ఆ సూత్రం ఉంది కాబట్టే మనం హాయిగా నవ్వగలుగుతాం. మన ఊళ్ళలో కూడా పెద్దలు అదే అంటారు: 'ఆశకు పోయాడు, అనుభవించాడు.'

ఈ మాట మాత్రం నాకు మింగుడు పడదు. రెండు తలల పామును కొని కోటీశ్వరుణ్ణి అవుదామనుకున్నవాడి సంగతి వేరు. గఫూర్ పడవ ఎక్కిన ఆ ఇద్దరూ ఏం ఆశించారు? ఉద్యోగం. మూడు పూటలా తిండి. దీన్ని అత్యాశ అంటారా?

మా టేబుల్ మీది కాగితాలు

నేను ఇక్కడ ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాని. కొత్తగా దిగినవాళ్ళ పాస్‌పోర్టు కాపీలు, కాంట్రాక్టు కాగితాలు, బతాకా కాగితాలు మా టేబుల్ మీదుగానే మందూబ్ దగ్గరికి పోతాయి. కాగితంలో అన్నీ ఉంటాయి గానీ, ఆ మనిషి ఇక్కడికి రావడానికి ఎంత కట్టాడన్నది మాత్రం ఎక్కడా ఉండదు. నేను అడుగుతుంటాను. మొదటిసారి అడిగితే ఎవరూ చెప్పరు. నేలచూపులు చూస్తారు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు నెల తర్వాత చెప్పాడు. "అన్నా, మా బాపు మూడు బోర్లు ఏసిండు, నీళ్ళు పడలే. ఆ అప్పు తీరుదామని నేనొచ్చిన. ఏజెంటు బయటోడు గాదన్నా, మా మేనమామ దోస్తు." కట్టింది లక్షా ఇరవై వేలు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. ఆఫీసు బాయ్ పని, 120 రియాళ్ళు, తిండి కంపెనీదే అని చెప్పారట. ఇక్కడికొస్తే సైటులో హెల్పరు పని, 90 రియాళ్ళు, తిండి సొంతం.

ఒకసారి లెక్క వేద్దాం. లక్షా ఇరవై వేలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,600. రెండేళ్ళ కాంట్రాక్టుకు వడ్డీయే 86,400. అసలు అసలే ఉంటుంది. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. మరి ఈ తమ్ముడి దగ్గర అంతకు మించి తీసుకున్న 84,600 ఎవరి జేబులోకి పోయాయి? ఆ మేనమామ దోస్తుకు అసలు లైసెన్సే లేదు. సబ్ ఏజెంట్ అనేవాణ్ణి ఆ చట్టం గుర్తించనే గుర్తించదు. అయినా ఊళ్ళో అందరికీ ఏజెంటు అంటే వాడే.

ఇందులో అత్యాశ ఎక్కడుంది? మూడు బోర్లూ ఎండిపోయిన ఇంటి కొడుకు నెలకు 120 రియాళ్ళు ఆశించడం అత్యాశా?

వాడు మోసపోయింది ఆశ వల్ల కాదు, నమ్మకం వల్ల. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి అడిగితే మనం పది రూపాయలు కూడా ఇవ్వం. మన ఊరివాడు, మన కులపోడు, మేనమామతో కలిసి చదువుకున్నవాడు, వాడే సరిగ్గా మన మెడ మీద చెయ్యి వేస్తాడు. ఆ తర్వాత తొందర పెడతాడు. రేపు సాయంత్రంలోగా కట్టకపోతే వీసా పక్క ఊరివాడికి పోతుందంటాడు. కాగితం చదవడానికి టైము ఇవ్వడు. చివరిగా గుట్టు. 'నీకు కాబట్టి ఈ రేటు, ఎవరితోనూ అనకు' అంటాడు. ఈ మాటతో మనకు గర్వంగా కూడా ఉంటుంది, అదీ తమాషా.

సినిమాలో గఫూర్ చెప్పిన ఆ రెండు ముక్కలు చూడండి. 'గఫూర్ కా దోస్త్' అంటే చాలు, పని అయిపోతుంది. మన సబ్ ఏజెంట్లూ అదే చెబుతారు: 'ఎయిర్‌పోర్టులో మనవాడు ఉంటాడు, నా పేరు చెప్పు.' మస్కట్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరుకు నిజంగానే ఏజెంటు పేరు చెప్పి, ఆయన తెల్లమొహం వేస్తే ఇంకా గట్టిగా చెప్పినవాళ్ళు నాకు తెలుసు. నవ్వు రావట్లేదా? వాళ్ళే చెప్పి వాళ్ళే పడీ పడీ నవ్వారు. అయితే అప్పటికి మూడేళ్ళు గడిచాయి.

అరబ్బు బట్టల సంగతీ అంతే. ఇప్పుడు అరబ్బు బట్టలు తొడిగించరు, కొత్త బూట్లు, ఇస్త్రీ చొక్కా వేయిస్తారు. విజిట్ వీసా చేతిలో పెట్టి, ఎవరైనా అడిగితే టూరిస్టునని చెప్పమంటారు. జీవితంలో తిరుపతి తప్ప ఏ ఊరూ చూడనివాడు మస్కట్ కి టూరిస్టు! దిగాక వర్క్ వీసాగా మార్చేస్తామంటారు. 2023 అక్టోబరు 31న ఒమాన్ ప్రభుత్వం ఆ మార్పిడిని ఆపేసింది. ఆ కబురు ఇక్కడ మనకు తెలిసింది గానీ, ఊళ్ళో డబ్బు కట్టేవాడికి ఏజెంటు చెబుతాడా? రూల్సు మారుతుంటాయి, విజిట్ వీసా మాత్రం ఎప్పుడూ పని వీసా కాదు. పదో తరగతి పాసవని మన వాళ్ళకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటుంది, ఒమాన్ కి పనికి రావాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. విజిట్ వీసా మీద తోసేస్తే ఆ క్లియరెన్సు ఉండదు, దాంతో పాటు వచ్చే పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. ఆ మనిషి పనికి వచ్చినట్టు ఏ రికార్డులోనూ ఉండదు. ఒడ్డు దగ్గర నీళ్ళలో దించెయ్యడమంటే ఇదే కదా.

ఫ్రీ వీసా గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అందులో ఫ్రీ అన్న మాట ఒక్కటే ఫ్రీ. 2021 జనవరి నుంచి ఒమాన్ లో ఎన్ఓసీ నిబంధన ఎత్తేశారు, నిజమే. కాంట్రాక్టు పూర్తయ్యాక పాత అర్బాబ్ ఎన్ఓసీ లేకుండా పద్ధతి ప్రకారం ఇంకో కంపెనీకి మారే వీలు వచ్చింది. అంతే గానీ ఒకడి వీసా మీద వచ్చి ఇష్టమైన చోట కూలికి పోవచ్చని కాదు. ఆ వార్తనే అడ్డం పెట్టుకుని ఫ్రీ వీసాలు అమ్మేవాళ్ళున్నారు.

ఫోను దొంగలు ఇంకో రకం. బ్యాంకు కార్డు బ్లాకయిందనీ, టెలిఫోన్ కంపెనీ లాటరీలో వేల రియాళ్ళు తగిలాయనీ ఫోన్ చేస్తారు. చక్కటి హిందీలో, 'భాయ్ సాబ్' అంటూ. ఓటీపీ చెప్పొద్దని రాయల్ ఒమాన్ పోలీసులు మళ్ళీ మళ్ళీ హెచ్చరిస్తూనే ఉన్నారు. ఇందులో మాత్రం కాస్త ఆశ పాలు ఉందని ఒప్పుకోవాలి. కానీ ఇక్కడ కూడా అదే తొందర, అదే గుట్టు. ఫోన్ పెట్టెయ్యొద్దు, పక్కవాళ్ళకు చెప్పొద్దు అంటాడు. పక్క మంచం మీదివాణ్ణి ఒక్క మాట అడిగితే వాడి ఆట కట్టు.

ఇంటికి ఎందుకు పోలేదు?

మద్రాసులో దిగాక ఆ ఇద్దరు స్నేహితులూ రైలెక్కి ఇంటికి పోవచ్చు కదా? పోరు. అక్కడే ఉండి ఏవో పాట్లు పడతారు. కథ నడవాలంటే ఉండాలి, అది వేరే సంగతి. కానీ గల్ఫ్ లో ఉన్నవాడికి ఆ కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు. దుబాయ్ పోతున్నామని డబ్బు కట్టి వచ్చినవాళ్ళు ఏ మొహం పెట్టుకుని తిరిగి పోతారు?

మనమూ అంతే. హెల్పరు పని చేస్తూ ఇంటికి ఫోన్ చేసి ఏసీ ఆఫీసులో ఉన్నామంటాం. ఫోటో దిగాలంటే కంపెనీ గేటు ముందు పార్కు చేసిన ఎవరిదో ల్యాండ్ క్రూజర్ మీద చెయ్యి వేసి దిగుతాం. సెలవుకు పోయేటప్పుడు అప్పు చేసి మరీ సెంటు బాటిళ్ళు, టైగర్ బామ్, దుప్పట్లు మోసుకుపోతాం. ఊళ్ళో ఎవరైనా ఎలా ఉందిరా అంటే బ్రహ్మాండం అంటాం. ఇందులో తప్పేముంది, అమ్మానాన్నా బెంగ పెట్టుకోకూడదని అంటాం. అదీ నిజమే.

కానీ మనం ఊరు దాటి వచ్చాక ఏం జరుగుతుందో తెలుసా? ఆ సబ్ ఏజెంటు పక్కింటికి పోతాడు. 'ఫలానావాళ్ళ అబ్బాయిని నేనే పంపించా, ఎంత దర్జాగా వచ్చి పోయాడో చూశారు కదా' అంటాడు. వాడికి పేపర్లో అడ్వర్టైజుమెంటు అక్కర్లేదు. పైసా ఖర్చు లేకుండా మన సెంటు వాసనే వాడి అడ్వర్టైజుమెంటు. మనం సిగ్గుపడి నోరు మూసుకున్నంత కాలం మనం కూడా గఫూర్ కా దోస్తులమే. సినిమాలోని ఆ ఇద్దరైనా ఇంకొకరిని ఆ పడవ ఎక్కించలేదు.

సిగ్గు పడవలసింది లక్షా ఇరవై వేలు తీసుకున్నవాడు. ఇచ్చినవాడు తల దించుకోవడం, తీసుకున్నవాడు ఊళ్ళో సర్పంచి పక్కన కుర్చీలో కూర్చోవడం... ఇదెక్కడి న్యాయం?

మోసగాళ్ళ కామెడీలు గొప్పవని నేననేది అందుకే. నీతులు చెప్పే సినిమాలకు ఆ శక్తి లేదు. 2017లో సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' అనే సినిమా తీశాడు, మన కష్టాల మీదే. మంచి ప్రయత్నం. కానీ రోజంతా ఎండలో కష్టాలు పడి వచ్చి రాత్రి మళ్ళీ తెర మీద కష్టాలు ఎవడు చూస్తాడు? అదే గఫూర్ సీను పెట్టండి, పదిమంది మంచాలు దిగి వచ్చి కూర్చుంటారు. వీసీడీల కాలంలోనూ అంతే, ఇప్పుడు ఫోను గోడకు ఆనించి చూసే కాలంలోనూ అంతే. భాష రాకపోయినా ఫరవాలేదు, మలయాళీ తమ్ముడొకడు పక్కన ఉండి చెబుతాడు.

మొన్న మా బ్లాకులో అలాగే చూశారు. తమిళం బోర్డు కనిపించిన సీనుకు గొల్లుమన్నారు. నవ్వు ఆగాక, ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని శ్రీకాకుళం వైపు వెల్డరు ఒకాయన, "మన్నీ సూరత్ వీసా అని బొంబాయిలో పదకొండు రోజులుంచీసినారు" అన్నాడు. గల్ఫ్ వీసాకీ సూరత్ కీ ఏమిటి సంబంధం అని అందరూ మళ్ళీ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఇంకొకాయన, ఆ తర్వాత ఇంకొకాయన. రాత్రి పదకొండు దాకా ఎవరు ఎంత కట్టారో, ఎవరికి కట్టారో, ఎవరు ఏం చెప్పి నమ్మించారో చెప్పుకున్నారు. జగిత్యాల తమ్ముడు కూడా చెప్పాడు. నాకు ఒక్కడికే నెల రోజులు పట్టిన సంగతి, అక్కడ అరగంటలో పదిహేను మంది ముందు చెప్పేశాడు.

ఇంతకీ చెప్పుకుని లాభమేమిటి అంటారా? లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా భారత ప్రభుత్వం ఈమైగ్రేట్ వెబ్‌సైటులో పెట్టింది. తమ్ముణ్ణో బావమరిదినో పంపించాలనుకునేవాళ్ళు ఏజెంటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అక్కడ చూసుకోవచ్చు, మీకు చూడటం రాకపోతే మీ ఆఫీసులో మాలాంటి గుమాస్తా ఎవరైనా చూసిపెడతాడు. మోసం జరిగాక అయితే హైదరాబాద్ లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి, 2015లో మొదలైన మదద్ పోర్టల్ కు ఫిర్యాదు పంపొచ్చు. మస్కట్ లో మన ఎంబసీ ఓపెన్ హౌస్ పెడుతుంటుంది, అక్కడికి స్వయంగా పోయి చెప్పుకోవచ్చు. రసీదు లేదు కదా అని మీరు అనొచ్చు. బ్యాంకు ద్వారా పంపితే ఆ స్లిప్పు, ఫోన్ పే అయితే ఆ స్క్రీన్ ఫోటో, వాట్సాప్ లో ఏజెంటు పెట్టిన వాయిస్ మెసేజీ, ఏదీ చెరపకుండా దాచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కడు రాస్తే వాడి మాట, వీడి మాట అవుతుంది. ఒకే ఏజెంటు మీద నలుగురు రాస్తే లెక్క వేరు.

ఆ రాత్రి జగిత్యాల తమ్ముడు ఒక నోటుబుక్కు కాగితం చింపి, పైన తన ఏజెంటు పేరు, ఊరు, తను కట్టిన డబ్బు, కట్టిన తేదీ రాసి మెస్సు దగ్గర తెలిసినవాళ్ళకు చూపించాడు. ఇది రాసే సమయానికి ఆ పేరు కింద ఇంకో నలుగురు తమ పేర్లు రాశారు. ఇద్దరు మా క్యాంపు వాళ్ళు, ఒకడు బర్కా, ఒకడు సోహార్. అందరిదీ ఒకటే మండలం. ఐదుగురూ వాణ్ణి మామ అనే పిలుస్తారట.